ఫ్రెంచ్‌లో తాగేవాటి పేర్లు: బట్టీ పట్టినా నోటికి రావడం లేదు

అనంత_పల్లవి
నర్సింగ్ పూర్తయింది, అనంతపురంలో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్నా. కెనడా కోసం ఫ్రెంచ్ మొదలుపెట్టి 4 నెలలు. వచ్చే నెల డెల్ఫ్ ఎ1, అంటే ఫ్రెంచ్‌లో మొదటి మెట్టు పరీక్ష. చదివితే అర్థమవుతోంది, వింటే సగం అర్థమవుతోంది, నోరు తెరిస్తే మాత్రం ఏమీ రావడం లేదు.

పోయిన వారం తాగేవాటి పాఠం. 70 మాటలు నోటుబుక్కులో రెండు వరుసలుగా రాసుకున్నా. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క ఫ్రెంచ్. డ్యూటీలో కాస్త ఖాళీ దొరికినప్పుడల్లా బట్టీ పట్టా. మరుసటి రోజు ఆన్‌లైన్ క్లాసులో మేడం ‘పొద్దున ఏం తాగుతారు?’ అని అడిగింది. పాలు అని చెప్పాలి, అంతే. పాలు బహువచనం కదా అని పాలకు వాడే ‘లే’ ముందు బహువచనపు ‘లే’ పెట్టి ‘జె బ్వా లే లే’ అన్నా. మేడం మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఇంక నోరు పెగల్లేదు. పరీక్షలో ఏదైనా కొనేటప్పుడు, ఆర్డర్ ఇచ్చేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడాలంట. చాలా టెన్షన్‌గా ఉంది. మీరంతా ఈ మాటలు ఎట్లా నేర్చుకున్నారు?

సీమ_చిన్నోడు
‘లే లే’ అంటే మా జేజి పొద్దున్నే దుప్పటి లాగినట్టుంది. పాలకు ఫ్రెంచ్‌లో ఏమంటారో ఈ జన్మకు మర్చిపోను.

గుత్తి_కోట
బట్టీ పట్టకుండా ఏ భాషా రాదమ్మా. నేను టెఫ్ కెనడా రాశా, కెనడా వలసకు రాసే ఫ్రెంచ్ పరీక్ష. రోజుకు 20 కార్డులు, పాతవి రోజు మార్చి రోజు తిరగేయడం, అంతే. 70 మాటలు ఒక్క రాత్రిలో అనుకోవడమే ఇబ్బంది. మూడు వారాలకు పంచుకో.

హిందూపురం_హేమ
గుత్తి అన్న చెప్పింది సగమే. ఆ అమ్మాయికి మాట గుర్తుంది, దాని ముందు ఏం పెట్టాలో తెలియక ఆగింది. కార్డు మీద ‘లే’ అని ఒక్కటే రాసుకుంటే ఎన్ని రోజులు తిరగేసినా ఇదే జరుగుతుంది.

పల్లవీ, తెలుగులో పాలు, నీళ్ళు ఎప్పుడూ బహువచనమే. ఫ్రెంచ్‌లో రెండూ ఏకవచనం. కొలత చెప్పకుండా ‘పాలు తాగుతా’ అంటే ముందు ఒక చిన్న ముక్క పెట్టాలి. పుంలింగమైతే ద్యు, స్త్రీలింగమైతే ద ల, అచ్చుతో మొదలైతే ద ల్. కాబట్టి ద్యు లే, ద్యు కఫే, ద్యు తే, ద ల లిమొనాద్, ద లో (‘ఓ’ అంటే నీళ్ళు). తాగను అంటే ఇవన్నీ పోయి ఒక్క ద మిగులుతుంది: జె న బ్వా పా ద లే. కార్డు మీద ఎప్పుడూ ముక్కతో సహా ‘ద్యు లే’ అని రాసుకో. అప్పుడు లింగం కూడా దాంతోపాటే వస్తుంది.

హోటల్లో అయితే లెక్క వేరు. మనం ‘రెండు టీ’ అన్నట్టే ద్యో తే, అఁ కఫే (ఒక కాఫీ) అంటారు. ఇంట్లో ద్యు తే, హోటల్లో అఁ తే.

తాడిపత్రి_సిస్టర్
నర్సువి కాబట్టి ఇంకో మాట. నీళ్ళను బహువచనంలో అనే సందర్భం మన వార్డులోనే ఉంది. ‘పెర్ద్ర్ లేౙో’ అంటే కాన్పుకు ముందు ఉమ్మనీరు పోవడం. హోటల్లో మాత్రం నీళ్ళు ఒక్కటే.

అనంత_పల్లవి
అయ్యో, నేను నీళ్ళకు కూడా బహువచనమే రాసుకున్నా! ఇప్పుడే కొట్టేశా. హేమక్కా, ద్యు, ద ల ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ప్రొద్దుటూరు_పంతులు
రిటైరైన తెలుగు మాస్టారిని. మనవరాలు ఇంటర్‌లో ఫ్రెంచ్ తీసుకుంటే ఆమెతో పాటు నేనూ రెండేళ్ళు కూర్చుని చదివాను. పల్లవమ్మా, నీ నోటుబుక్కులో నాకు నచ్చనిది ఎడమ పక్క వరుస. తెలుగు పిల్లవు ఫ్రెంచ్ నేర్చుకుంటూ మధ్యలో ఇంగ్లీషును ఎందుకు పెట్టుకున్నావు? ఒక ఊరికి పోవడానికి రెండు బస్సులు మారినట్టు ఉంది. కొన్ని చోట్ల తెలుగు నుంచి ఫ్రెంచ్‌కు నేరుగా దారి ఉంది.

ఒకటి చెబుతాను. ‘నీళ్ళ చెంబు’ వేరు, ‘చెంబెడు నీళ్ళు’ వేరు కదా. మొదటిది పాత్ర, ఖాళీగా ఉన్నా నీళ్ళ చెంబే. రెండోది అందులో ఉన్న నీళ్ళు. ఫ్రెంచ్‌లో ఇదే తేడాకు రెండు ముక్కలున్నాయి. తాస్ ఆ తే అంటే టీ తాగే కప్పు. తాస్ ద తే అంటే కప్పెడు టీ. వేర్ ఆ ఓ నీళ్ళ గ్లాసు, వేర్ దో గ్లాసెడు నీళ్ళు. మనవరాలికి పుస్తకం చూసి రెండుసార్లు చెప్పినా పట్టుబడలేదు. వంటింట్లోకి తీసుకుపోయి బోర్లించిన గ్లాసు ఒకటి, నింపిన గ్లాసు ఒకటి చూపించి, ‘ఎడు’ వచ్చే చోట ద పెట్టమన్నాను. ఆ తర్వాత తప్పు రాలేదు. గుక్కెడు నీళ్ళకూ మాట ఉంది: యూన్ గోర్జే దో.

నన్నారి_సోడా
సార్, ‘ఎడు’ అంటే ద! దీన్ని గోడ మీద రాసుకోవాలి.

ఆదోని_అబ్బాయి
నాది ఆదోని, ఫ్రాన్స్‌లో లియోఁ నగరంలో ఉండబట్టి 6 ఏళ్ళు. సార్ మాటకు ఇంకోటి కలుపుతా. పుస్తకంలో తాగడానికి బ్వార్ అని ఇచ్చి, జె బ్వా, ను బ్యూవోఁ, ఇల్ బ్వావ్ అని అన్ని రూపాలూ బట్టీ పట్టిస్తారు. కఫేలో కూర్చుంటే ఆ మాట నాకు వినపడేది తక్కువ. వచ్చినతను ‘కెస్ కె వు ప్రెనే?’ అంటాడు. అక్షరాలా మన ఇంటికొచ్చిన చుట్టాన్ని ‘ఏం తీసుకుంటారు?’ అని అడగడమే. జవాబు కూడా ‘జె ప్రాఁ అఁ కఫే’, కాఫీ తీసుకుంటా. మర్యాదగా కావాలంటే ‘జె వూద్రే అఁ కఫే, సిల్ వు ప్లే’. వీటన్నిటికీ ముందు బోఁజూర్ (నమస్కారం) చెప్పాలి. అది చెప్పకుండా నేరుగా కాఫీ అడిగితే మొహం మాడ్చుకుంటారు.

వు, త్యు సంగతి మనకు నేర్పక్కర్లేదు. మీరు, నువ్వు. ఇంగ్లీషు వాళ్ళు తడబడే చోట మనం తడబడం.

ఇంకో జాగ్రత్త. ‘అఁ కఫే’ అంటే బొటనవేలంత కప్పులో నల్లటి డికాషన్ వస్తుంది. మొదటి రోజు అది చూసి మిగతాది తెస్తాడేమో అని కూర్చున్నా. మన కాఫీకి దగ్గరగా కావాలంటే అఁ క్రేమ్ అనాలి. కొంచెమే పాలు పడితే యూన్ న్వాజెత్. న్వాజెత్ అంటే హేజల్‌నట్, ఆ రంగు వస్తుందని ఆ పేరు.

సీమ_చిన్నోడు
అన్నా, నీళ్ళు కొనాల్సిందేనా అక్కడ? మా మామ పారిస్ పోయొచ్చి అదే చెప్పినాడు.

ఆదోని_అబ్బాయి
కొనక్కర్లేదు తమ్ముడూ. ఊరికే ‘ద లో’ అంటే ‘ప్లాతా, గజోజా?’ అని అడిగి సీసా తెస్తారు. ఓ ప్లాత్ మామూలు నీళ్ళు, ఓ గజోజ్ గ్యాస్ నీళ్ళు, రెండింటికీ డబ్బులు. ‘యూన్ కరాఫ్ దో, సిల్ వు ప్లే’ అంటే కుళాయి నీళ్ళు జగ్గులో పెడతారు, ఉచితం. ఉచితంగా మంచినీళ్ళు అడగొచ్చని హోటళ్ళు కనపడేలా రాసిపెట్టాలని 2020లో చట్టం చేశారు, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మీ మామకు ఆ ఒక్క మాట తెలిసుంటే డబ్బు మిగిలేది.

కర్నూలు_కమల
నాకొక అభ్యంతరం ఉంది. ఈ పాఠంలో సగం మందు మాటలే. వైన్ రంగులు, బీరు గ్లాసు పేర్లు. మా ఇంట్లో ఎవరూ ముట్టరు. కూతురు ఆ మాటలు పైకి చదువుతుంటే మా అత్తమ్మ అడుగుతోంది, ఏం నేర్పుతున్నారు అని. అవి వదిలేస్తే పోలా?

గుత్తి_కోట
వదిలేస్తే వినే పరీక్షలో దెబ్బ తింటారక్కా. మాట తెలిసినంత మాత్రాన తాగినట్టు కాదు.

హిందూపురం_హేమ
కమలక్కా, తాగని వాళ్ళకే ఆ మాటలు ఎక్కువ అవసరం. వద్దని చెప్పాలన్నా పేరు తెలియాలి. ‘ఓఁ ప్రాఁ అఁ వేర్?’ అంటే మాటకు మాట గ్లాసు తీసుకుందామా అని, కానీ చాలాసార్లు మందుకు పిలిచినట్టే. ‘జె న బ్వా పా దాల్కొల్’, నేను మందు తాగను, అని ఒక్క ముక్క నేర్పండి అమ్మాయికి. ఆ వెంటనే ‘జె ప్రాఁ అఁ జ్యూ దోరాఁజ్’, కమలారసం తీసుకుంటా, అంటే అయిపోయింది, ఎవరూ ఏమీ అనుకోరు.

గమనించారా, మనం ‘ఆయన తాగుతాడు’ అంటే ఏమిటని ఎవరూ అడగరు. ఫ్రెంచ్‌లో కూడా ఒట్టి ‘ఇల్ బ్వా’ అంటే అదే అర్థం.

తాడిపత్రి_సిస్టర్
మందు అంటే గుర్తొచ్చింది. మనకు మాత్రా మందే, సారా కూడా మందే. ఫ్రెంచ్‌లో మెదికమాఁ వేరు, ఆల్కొల్ వేరు. మందును కూడా ‘ప్రాఁద్ర్’ అనాలి, బ్వార్ కాదు. పేషెంటును ‘మందు తాగారా?’ అని తెలుగులో అనుకొని అట్లాగే మార్చి అడిగితే అర్థం ఎక్కడికో పోతుంది. కెనడాకు పోయే నర్సులు ఇది తప్పకుండా గుర్తు పెట్టుకోండి.

నన్నారి_సోడా
మన ‘తాగు’ చాలా పెద్ద మాట. బీడీ తాగుతాం, సిగరెట్ తాగుతాం. మా ఫ్రెండొకడు క్లాసులో ‘మా నాన్న సిగరెట్ బ్వార్ చేస్తాడు’ అని చెప్పాడు. అక్కడ ఫ్యూమే అనాలి, పొగ పీల్చడం. సూపు ఇంకో చిక్కు. మనం సూపు తాగుతాం, వాళ్ళు ఎక్కువగా తింటారు: మాఁజే ద ల సూప్. చెంచా, గిన్నె ఉంటే అది భోజనం కింద లెక్క.

సీమ_చిన్నోడు
అయితే రసం తాగేదా, తినేదా? మా ఇంట్లో ఇదే కొట్లాట.

కర్నూలు_కమల
హేమ చెప్పింది బాగుంది. వద్దనడానికైనా నేర్చుకోవాలనే మాట మా అత్తమ్మకు కూడా నచ్చింది. చిన్నోడూ, రసం అన్నంలో కలిస్తే తినేది, గ్లాసులో పోస్తే తాగేది. కొట్లాట ఆపండి.

నన్నారి_సోడా
నేను ఎట్లా నేర్చుకున్నానో చెబుతా. మాది కడప. ఏడు రోడ్ల దగ్గర ఎండాకాలం సాయంత్రం ఒక నన్నారి బండి ముందు రోజూ నిలబడేవాణ్ణి. ఆయన గాజు గ్లాసు కడిగి, సీసాలోంచి నల్లటి నన్నారి రెండు వేళ్ళ మందం పోసి, అర నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు ఒక చెంచా వేసి, పైనుంచి సోడా కొట్టేవాడు. నురగ అంచు దాకా వచ్చి ఆగేది. ఆయన చేతి వెంట నేను మనసులో ఫ్రెంచ్ చెప్పుకునేవాణ్ణి. అఁ వేర్. ద్యు సిరో. అఁ దెమి సిత్రోఁ వేర్. దే గ్రేన్ ద బజిలిక్. మన చిన్న నిమ్మకాయ వాళ్ళకు సిత్రోఁ వేర్, ఆకుపచ్చది. ఉత్త సిత్రోఁ అంటే పెద్ద పసుపు కాయ. గ్లాసుకూ, ఆకుపచ్చకూ పలుకు ఒకటే, వేర్.

ఫ్రాన్స్‌లో కూడా నన్నారి లాంటి పద్ధతే ఉంది. సీసాలో చిక్కటి సిరో ఉంటుంది. పుదీనాది నీళ్ళలో కలిపితే మాఁత్ ఆ లో. అదే సిరోను నీళ్ళ బదులు లిమొనాద్‌లో కలిపితే ద్యాబొలో మాఁత్. అంటే మన నన్నారి సోడా ఫ్రాన్స్‌లో పుట్టి ఉంటే ద్యాబొలో నన్నారి అయ్యేది! నన్నారి వేరును వాళ్ళు సాల్స్‌పరేయ్ ఏఁద్యెన్ అంటారు.

లిమొనాద్ అంటే మాత్రం మన నిమ్మనీళ్ళు అనుకోవద్దు. అది తియ్యటి గ్యాస్ నీళ్ళు. నిమ్మకాయ పిండింది కావాలంటే సిత్రోఁ ప్రెసే అనాలి. రసం, నీళ్ళు, చక్కెర విడివిడిగా తెచ్చిపెడతారు, మనమే కలుపుకోవాలి.

ఇంకో సంగతి, మా వీధిలో ఉర్దూ మాట్లాడే వాళ్ళు ఎక్కువ కాబట్టి నాకు తట్టింది. షర్బత్, షరాబ్, ఫ్రెంచ్ సిరో, ఐసుతో చేసే సొర్బే, అన్నీ అరబ్బీలో ‘తాగు’ అనే ఒక్క ధాతువు నుంచి వచ్చినవే.

ప్రొద్దుటూరు_పంతులు
బాగుంది నాయనా. అట్లా చూస్తే తేయాకులో ఉన్న ‘తే’, ఫ్రెంచ్ ‘తే’ చుట్టాలే. రెండూ చైనా రేవుల దగ్గర వాడే మాట నుంచి సముద్రం మీద వచ్చాయి. టీకి ఫ్రెంచ్ ఏమిటని పిల్లలు తడుముకోనక్కర్లేదు, తేనీరు అనుకుంటే చాలు.

అనంత_పల్లవి
నన్నారి అన్న పోస్టు మూడుసార్లు చదివా. ఒక అనుమానం. పుదీనా టీ ‘తే ఆ ల మాఁత్’, అల్లం టీ ‘తే ఓ జేఁజాఁబ్ర్’, పాల టీ ‘తే ఓ లే’ (పుంలింగం ముందు ‘ఆ’ ఇట్లా ‘ఓ’ అవుతుంది). కానీ నిమ్మరసం ‘జ్యూ ద సిత్రోఁ’, చెరకు రసం ‘జ్యూ ద కాన్’, కొబ్బరి నీళ్ళు ‘ఓ ద కొకో’. అంటే దాంట్లో వేస్తే ఆ, దాంట్లోంచి తీస్తే ద అనుకోవచ్చా? అల్లం వేసిన టీ, నిమ్మకాయ నుంచి తీసిన రసం.

ప్రొద్దుటూరు_పంతులు
వేసింది ఆ, తీసింది ద. అమ్మా, ఇది నాకు తట్టలేదు. ఒకే నిమ్మకాయను టీలో వేస్తే తే ఓ సిత్రోఁ, పిండితే జ్యూ ద సిత్రోఁ. సరిగ్గా కుదిరింది.

గుత్తి_కోట
అన్నిటికీ కుదరదు సార్. కఫే క్రేమ్‌లో ఆ లేదు, ద లేదు. మీరే చెప్పిన తాస్ ఆ తేలో టీ ‘వేసింది’ కాదు, అది పాత్ర పని చెబుతోంది. సూత్రం పెట్టుకుంటే పరీక్షలో మినహాయింపు దగ్గర బోల్తా పడతారు.

ప్రొద్దుటూరు_పంతులు
మీ మాట నిజమే. పాత్రలకు చెంబు సూత్రం, తాగేవాటికి పల్లవి సూత్రం అని విడదీసుకుందాం. కఫే క్రేమ్ లాంటి నాలుగైదు మాటలు మీ పద్ధతిలో బట్టీ పట్టాలి, తప్పదు.

పలకడం గురించి కూడా చెప్పాలి. ముక్కుతో పలికే ఫ్రెంచ్ అక్షరాలకు నేను అరసున్న వాడుతున్నాను, మీరంతా కూడా అదే రాస్తున్నారు, సంతోషం. నిండు సున్న పెడితే చివర ‘మ్’ వినిపిస్తుంది. వేఁ అంటే వైన్, పేఁ అంటే బ్రెడ్. చివర నాలుక అంగిలికి తగలకూడదు. ఇంగ్లీషు లిపిలో చూసి చదివే పిల్లలు ‘విన్’, ‘పెయిన్’ అంటున్నారు.

అన్నిటికంటే జాగ్రత్తగా పలకాల్సినవి మూడు. బ్వాసోఁ తాగేది. ప్వాసోఁ చేప. ప్వాౙోఁ విషం.

తాడిపత్రి_సిస్టర్
సార్, ఆ మూడు మా హాస్టల్ తలుపు మీద అంటించా.

ఆదోని_అబ్బాయి
ఒక్కటి చెప్పి పోతా, ఇది నాకు బాధ కలిగించిన విషయం. ఇక్కడికి వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దావిడ టీకి పిలిచింది. ఒక కప్పు అయ్యాక కెటిల్ చూపించి ‘ఇంకొంచెం?’ అంది. చలిగా ఉంది, నాకు కావాలి. నవ్వుతూ ‘మెర్సి’, థాంక్స్, అన్నా. ఆవిడ కెటిల్ కింద పెట్టేసింది. ఇంకోసారి అడగలేదు. మన ఇళ్ళలో గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి పోస్తారు. ఇక్కడ ఎవరైనా ఇవ్వబోతుంటే ఒట్టి మెర్సి అంటే వద్దని అర్థం తీసుకుంటారు. కావాలంటే ‘వీ, అవెక్ ప్లేజీర్’ లేదా ‘వోలోఁత్యే’ అనాలి. ఏ పాఠంలోనూ నాకు ఇది చెప్పలేదు.

కర్నూలు_కమల
పాపం, పరాయి దేశంలో రెండో కప్పు టీకి నోచుకోలేదా నాయనా. మా కర్నూలుకు రా, కొండారెడ్డి బురుజు దగ్గర ఎన్ని కావాలంటే అన్ని తాగు.

గుత్తి_కోట
పల్లవీ, మార్కుల సంగతి కూడా తెలుసుకో. మాట్లాడే భాగానికి 25. మొత్తం 100కు 50 వస్తే పాస్, కానీ ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. మాట్లాడేదాంట్లో కొనుగోలు సంభాషణ మూడోది. బోఁజూర్, జె వూద్రే, సె కోఁబ్యేఁ అంటే ఎంత అని, మెర్సి, ఓర్‌వార్ అంటే వెళ్ళొస్తా అని. ఈ వరుస నోటికి వస్తే మధ్యలో ఏ పేరు పెట్టినా నడుస్తుంది. మాట తడబడితే ఆగిపోవద్దు, మళ్ళీ మొదలుపెట్టు.

అనంత_పల్లవి
పది రోజుల తర్వాత వస్తున్నా. నోటుబుక్కు మార్చేశా, ఎడమ పక్క తెలుగు. డ్యూటీలో పేషెంట్లకు ఏమిస్తే దాని పేరు మనసులో అనుకుంటున్నా. నిన్న మేడం మళ్ళీ అడిగింది, మీ ఇంట్లో ఏం తాగుతారు అని. అవ్వ గురించి చెప్పా. మా అవ్వ పొద్దున్నే రాగి అంబలి తాగుతుంది. ‘యూన్ బ్వాసోఁ ఆ ల ఫరీన్ ద మియే, అవెక్ ద్యు బాబర్ ఎ ద్యు సెల్’ అన్నా, అంటే చిరుధాన్యం పిండి వేసి, మజ్జిగ, ఉప్పు కలిపి తాగేది. పిండి వేసింది కాబట్టి ఆ. బాబర్ అంటే మజ్జిగ అని హేమక్కను విడిగా అడిగి తెలుసుకున్నా. మేడం మధ్యలో ఆపకుండా విన్నది, మొత్తం నాలుగు నిమిషాలు మాట్లాడా.

చివర్లో ఒక చోట ఆగిపోయా. అవ్వ చెంబు పెదాలకు తగలనివ్వదు, ఎత్తి పోసుకుని తాగుతుంది. అది చెప్పాలనుకున్నా, మాట లేదు. చేత్తో చూపించా. దానికి ఫ్రెంచ్‌లో ఏమైనా ఉందా?

హిందూపురం_హేమ
బాగా చెప్పావు పల్లవీ! దానికి నాకూ మాట తెలియదు.

ఆదోని_అబ్బాయి
ఉంది. బ్వార్ ఆ ల రెగలాద్. పాత్ర పెదాలకు తగలకుండా పైనుంచి పోసుకుని తాగడం. స్పెయిన్ సరిహద్దు వైపు పల్లెల్లో పొడుగు ముక్కున్న గాజు పాత్రతో వైన్ అట్లా తాగుతారు.

అనంత_పల్లవి
అవ్వకు చెప్పా. ‘మనం తాగేదానికి వాళ్ళకూ పేరుందా’ అని ఇంకోసారి పలకమంది. రెగలాద్.